ఏ చీరా చెత్తబండి ఎక్కొద్దు: ఓరుగల్లు ప్రణాళిక

వరంగల్, హన్మకొండ, కాజీపేటలో ఏ ఇంటి బీరువా తెరిచినా కింది అరలో ఒక మూట ఉంటుంది. కట్టుకోలేని చీరలు, పిల్లలకు పొట్టయిన అంగీలు, రంగు వెలిసిన నైటీలు, మోకాళ్ళ దగ్గర చిరిగిన జీన్సు ప్యాంట్లు, ఎవరికీ జాకెట్టుకు చాలని బ్లౌజు పీసులు. పారేయడానికి మనసొప్పదు, ఏం చేయాలో తోచదు. దసరాకో ఉగాదికో ఇల్లు సర్దినప్పుడు ఆ మూట బయటికొస్తుంది. కొంత పాత బట్టలకు గిన్నెలిచ్చే స్టీలు గిన్నెల ఆమె గంపలోకి వెళ్తుంది, కొంత ఇంటి పనికి వచ్చే మనిషి చేతికి వెళ్తుంది, మిగిలింది చెత్తబండి ఎక్కుతుంది. ఈ ఊళ్ళో చెత్తబండి ఎక్కిన బట్ట మడికొండ దగ్గర రాంపూర్ డంపింగ్ యార్డుకు చేరుతుంది.

ఆ మూటను పదిమందిమి కలిసి కూర్చుని విప్పాలని, అందులోని ప్రతి గుడ్డకూ మన చేతులతో ఇంకో పని చూపించాలని ఈ ప్రణాళిక రాస్తున్నాం. మాలో కుట్టుమిషను మీద బతికేవాళ్ళున్నారు, టీచర్లున్నారు, జంపఖానాలు నేసేవాళ్ళున్నారు, ఇంటి పనే పనిగా ఉన్నవాళ్ళున్నారు. ఉద్యమానికి ఇంకా పేరు పెట్టలేదు. మొదటి కూడికకు వచ్చినవాళ్ళే కలిసి పెడతారు.

ముందే ఒక మాట తేల్చి చెప్పాలి. పాత బట్టలు పోగుచేసి పేదలకు పంచే సంఘం మేం పెట్టడం లేదు. ఆ పని చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. మేం పెట్టుకుంటున్నది కలిసి పనిచేసే కూటమి. బట్ట తెచ్చినవాళ్ళే కత్తెర పట్టాలి, సూది పట్టాలి, వచ్చింది నేర్పాలి, రానిది నేర్చుకోవాలి. మూట ఇచ్చి చేతులు దులుపుకుని వెళ్ళిపోతామంటే తీసుకోం.

ఎవరి చెమట

ఇది పత్తి పండే నేల. సీజనులో ఎనుమాముల మార్కెట్ ముందు పత్తి బండ్లు, ట్రాక్టర్లు బారులు తీరతాయి. 1997–98లో పురుగు చేలను తినేసింది, కొట్టిన మందు పనిచేయలేదు, అప్పు తీరే దారి కనబడలేదు. ఈ జిల్లాలో ఎంతోమంది రైతులు చేనుకోసం కొన్న మందే తాగి ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఇళ్ళలో మిగిలిన ఆడవాళ్ళు మళ్ళీ ఏడు మళ్ళీ పత్తే పెట్టారు, మళ్ళీ పత్తే ఏరారు. పత్తి ఏరిన చేతులు చూసినవాళ్ళకు తెలుసు, ఎండిన కాయ మొనలు వేళ్ళను ఎట్లా గీస్తాయో. అక్కణ్ణుంచి ఆ దూది జిన్నింగు మిల్లుకు, నూలు మిల్లుకు, మగ్గానికి, అద్దకానికి, చివరికి ఏ ఊళ్ళోనో ట్యూబులైటు కింద మిషను మీద వంగిన అమ్మాయి చేతికి వెళ్తుంది. ఒక్క కాటన్ టీ షర్టు తయారవడానికి సుమారు 2,700 లీటర్ల నీళ్ళు పడతాయని ప్రపంచ వన్యప్రాణి నిధి లెక్కగట్టింది. ఒక మనిషి రెండున్నరేళ్ళు తాగే నీళ్ళు అవి. ఆ చొక్కా భుజం దగ్గర చిరిగిందని పారేస్తే ఏది పారేసినట్టో ఈ జిల్లావాళ్ళకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

బట్టతో ఈ ఊరి సంబంధం పొలంతో ఆగలేదు. 1934లో నిజాం కాలంలో మొదలైన ఆజంజాహీ మిల్లు వేల ఇళ్ళకు తిండి పెట్టి, చివరికి మూతపడింది. కొత్తవాడలో జంపఖానా మగ్గాలు ఇంకా ఆడుతున్నాయి. వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు వచ్చినంత మాత్రాన మగ్గం దగ్గర కూర్చునే మనిషికి కూలి పెరగలేదు. అందుకే ఈ ప్రణాళికలో కొత్తవాడకు పెద్ద చోటుంది. ఆ సంగతి కొంచెం ముందుకెళ్ళాక చెప్తాం.

ఇక ఇప్పుడు మన ఒంటిమీద ఉన్న బట్టలో చాలా భాగం పత్తి కూడా కాదు, పాలిస్టర్. 2017 నుంచి ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరలు ఏటా కోటి దాకా తయారయ్యాయి. సిరిసిల్ల మరమగ్గాల మీద అవి నేసిన కార్మికులకు నెలల తరబడి పని దొరికింది. ఆ పనిని మేం తక్కువ చేసి మాట్లాడం. కానీ పెట్రోలియం నుంచి వచ్చిన దారం మట్టిలో కలవదు. ఊళ్ళల్లో అడవిపందులు రాకుండా మక్కచేల చుట్టూ పాత చీరలు కట్టడం అందరూ చూస్తున్నదే. రైతుకు అది చేతికందిన ఉపాయం, తప్పు పట్టలేం. ఒకటి రెండు ఎండాకాలాలు గడిచాక ఆ చీర పీలికలై, పీలికలు పోగులై, పోగులు దుక్కిలో కలిసిపోతాయి. కలిసిపోతాయంటే కనబడకుండా పోతాయని మాత్రమే. నేలలోనే ఉంటాయి, వానకు కాలువలో పడతాయి, చెరువుకు చేరతాయి.

లోకమంతా ఇదే దారిన పడింది. ఏటా దాదాపు 9.2 కోట్ల టన్నుల బట్ట వ్యర్థంగా పోతోందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం చెబుతోంది. పాత బట్ట కరిగి మళ్ళీ కొత్త బట్టగా వచ్చేది నూటికి ఒక వంతు కూడా లేదు. ధనిక దేశాలు విడిచిన బట్టలు ఘనాలో కాంటమాంటో బజారు మీద, చిలీలో అటకామా ఎడారి మీద గుట్టలు పడుతున్నాయి. మన దేశంలో పానిపట్టు మిల్లులు విదేశీ ఊలు బట్టలను చీల్చి, దారం తీసి, దుప్పట్లు నేస్తాయి. ఆ గుట్టల ముందు కూర్చుని బొత్తాలు, జిప్పులు కోసేది ఆడకూలీలే.

మన ఇళ్ళలోనే ఉన్న విద్య

దీనికి విరుగుడు ఎక్కడో వెతకాల్సిన పని లేదు. మన ఇళ్ళలో బట్టకు ఒక దారి ఉండేది. కొత్త చీర పండగకు, పాతబడితే ఇంట్లోకి, బాగా మెత్తబడితే పసిబిడ్డ ఉయ్యాలకు. దాన్నే నాలుగు ముక్కలు చింపితే పొత్తిగుడ్డలు. పురిటిబిడ్డ ఒంటికి కొత్త బట్ట తగలనిచ్చేవాళ్ళు కాదు, గంజి గరుకు గుచ్చుకుంటుందని. పంచె చినిగితే కొంత మసిగుడ్డకు, కొంత దీపం ఒత్తులకు. మెలిపెట్టి చుడితే బిందె కింద చుట్టకుదురు. అంచు ఒక్కటీ గట్టిగా మిగిలితే మూట కట్టే తాడు. పనికిరానిదేదో తేల్చడానికే ఒక తరం పట్టేది.

అన్నిటికంటే పెద్ద పని బొంత. ఈ కాలపు పిల్లలు చాలామంది బొంత మీద పడుకోలేదు, కుట్టడం చూడలేదు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాం. వాకిలి ఊడ్చి, మడత లేకుండా ఒక చీర పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెడతారు. దాని మీద పాత పంచెలు, లుంగీలు, దుప్పట్లు కుట్లు విప్పి పేరుస్తారు. అతుకు మీద అతుకు పడకూడదు. పడితే అక్కడ మందమై, పడుకున్నప్పుడు వీపుకు తగులుతుంది. అందుకే పెద్దవాళ్ళు ప్రతి పొరనూ అరచేత్తో తడిమి చూస్తారు. పైన మరో మంచి చీర కప్పుతారు. అంచులు లోపలికి మడిచి, ముందు పొడుగు కుట్లతో కదలకుండా నిలబెడతారు. ఆ తర్వాత అసలు కుట్టు మొదలవుతుంది. అంచు వెంట పోతూ, చుట్టూ తిరిగి, లోపలికి లోపలికి వస్తూ, వరసకూ వరసకూ మధ్య వేలెడు సందు. దారం రెండు పేటలు. దగ్గర దగ్గరగా కుడితే బొంత బిగుసుకుని మొద్దుబారుతుంది, దూరంగా కుడితే లోపలి గుడ్డలు జరిగి ముద్దలవుతాయి. ఆ కొలత ఏ పుస్తకంలోనూ లేదు, చేతిలో ఉంది. పొరల మధ్య చిక్కిన గాలే చలిలో వెచ్చదనం.

ఇది ఒక్కరు కూర్చుని చేసే పని కాదు. ఒకవైపు నుంచి ఒకరు, ఎదురుగా ఇంకొకరు, మధ్యలో సూదికి దారం ఎక్కించి ఇచ్చే పిల్ల. ఆ కొన్ని రోజులూ ఆ వాకిట్లో ఇంటింటి సంగతులూ నడిచేవి. ఎవరి కోడలికి ఒంట్లో బాగాలేదు, ఎవరి అప్పు ఎంత పెరిగింది, ఎవరి మొగుడు తాగొచ్చి కొడుతున్నాడు, అన్నీ అక్కడ తెలిసేవి. కొన్నిటికి అక్కడే దారి దొరికేది. ఈ ఉద్యమంలో మాకు బట్టతో ఎంత పట్టింపు ఉందో, ఆ కూర్చోవడంతో అంతే పట్టింపు ఉంది. చవక దుప్పట్లు వచ్చాక బొంత పోయింది. బొంతతో ఆ వాకిలి కూడా పోయింది.

తండాల్లో ఉన్న విద్యను వేరుగా చెప్పాలి. లంబాడీ ఆడవాళ్ళ ఫేటియా (లంగా), రవిక, తలమీది పైట చిన్న చిన్న ముక్కల అతుకులతో, అద్దాలతో, గవ్వలతో, దారపు పనితో నిండి ఉంటాయి. ముక్కకు ముక్క కలిపి అందం తీయడంలో వాళ్ళను మించినవాళ్ళు ఈ నేల మీద లేరు. ఆ పాత బట్టలను వ్యాపారులు చవకగా కొని, కోసి, సంచులకు అతికించి పట్నాల్లో ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. కుట్టిన అవ్వ పేరు ఆ సంచి మీద ఎక్కడా ఉండదు. మా కూటమిలో లంబాడీ కుట్టు ముక్కను ఆ ఇంటివాళ్ళు అనుమతిస్తే తప్ప ఎవరూ కోయకూడదు. వాళ్ళు నేర్పితే నేర్చుకుంటాం, నేర్పినందుకు కూలి ఇస్తాం.

బయటివాళ్ళ దగ్గర నేర్చుకునేవి

కర్ణాటకలో ఉత్తర కన్నడ అడవుల్లో సిద్దీలు ఉన్నారు, ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ సంతతి. వాళ్ళ ఆడవాళ్ళు పాత బట్టలతో కుట్టే బొంత మన బొంతకు అక్కచెల్లెలే. మూల దగ్గర మొదలుపెట్టి లోపలికి కుట్టుకుంటూ వస్తారు. నాలుగు మూలలా మడిచిన చిన్న గుడ్డపువ్వులు పెట్టనిదే ఆ బొంత పూర్తయినట్టు లెక్క కాదు. పేదరికంలో పుట్టిన వస్తువును కూడా అందంగా ముగించాలన్న పట్టుదల అది. మేం చేసే ప్రతి బొంతకూ మూలల్లో ఏదో ఒక గుర్తు ఉండాలని అక్కణ్ణుంచే తీసుకున్నాం.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడి నల్లజాతి ఆడవాళ్ళు, బానిసలుగా బతికినవాళ్ళ సంతతి, పొలంలో అరిగిపోయిన పని బట్టలతో బొంతలు కుట్టుకునేవాళ్ళు. ఓటు హక్కు కోసం పేరు నమోదు చేయించుకున్నందుకు ఆ ప్రాంతంలో కొందరి ఇళ్ళు ఖాళీ చేయించారు, పనుల్లోంచి తీసేశారు. అట్లాంటి కాలంలో, 1966లో, అక్కడివాళ్ళు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకుని బొంతలు అమ్మారు. వచ్చిన డబ్బుతో భూమి కొని, ఇళ్ళు పోగొట్టుకున్న కుటుంబాలకు జాగాలు ఇచ్చారు. తర్వాత ఒక పెద్ద దుకాణాల కంపెనీకి దిండు గలేబులు కుట్టే గుత్త దొరికింది. డబ్బు వచ్చింది, కానీ అన్నీ ఒకే కొలత, ఒకే కుట్టు. ఆ పనిలో మిగిలిన కార్డురాయ్ ముక్కలను ఇళ్ళకు తీసుకెళ్ళి మళ్ళీ తమకు తోచినట్టు బొంతలు కుట్టుకున్నారు. 2002 నాటికి ఆ ఊరి బొంతలు పెద్ద పెద్ద మ్యూజియంల గోడలెక్కాయి, 2006లో తపాలా బిళ్ళల మీదికొచ్చాయి. మనకు ఇందులో రెండు విషయాలున్నాయి. కుట్టినవాళ్ళే యజమానులైతే సూది భూమిని కూడా తెచ్చిపెట్టగలదు. గుత్తపని వస్తే తీసుకోవచ్చు, కానీ మన బొంత మన తీరుగా కుట్టుకునే రోజులు వేరుగా ఉంచుకోవాలి.

మన దేశంలో గూంజ్ సంస్థ 1999లో మొదలైంది. దాన్ని పెట్టిన అన్షు గుప్తాకు 2015లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. వాళ్ళు ఊళ్ళకు బట్టలు ఊరికే ఇవ్వరు. ఊరివాళ్ళు కలిసి బావి తవ్వుకుంటారు, బాట వేసుకుంటారు, ఆ శ్రమకు గౌరవంగా బట్టలు అందుతాయి. మాకు వాళ్ళంటే గౌరవం. మేం ఇంకొక అడుగు వేస్తున్నాం: మా దగ్గర ఇచ్చేవాళ్ళు, పుచ్చుకునేవాళ్ళు అని రెండు వరసలే ఉండవు.

దానం ఎందుకు వద్దంటున్నాం

ఇక్కడ మొహమాటం లేకుండా రాయాలి. మన పల్లెల్లో దొర ఇంటి పాత బట్ట జీతగాడి ఒంటి మీదికి వచ్చేది. పండగనాడు ఇచ్చిన చిరుగు పంచె కూలి లెక్కలో కలిసేది. దాన్ని తీసుకోవాల్సిన తీరు కూడా నేర్పారు, ఒళ్ళు వంచి, రెండు చేతులూ చాచి. ఇప్పటికీ అపార్టుమెంటు తలుపు దగ్గర పాత చీరల కవరు అందించేటప్పుడు ఆ తీరు కొంచెం బతికే ఉంది. తీసుకునే ఆమెకు ఆ చీర అక్కర ఉందా అని ఎవరూ అడగరు. ఆమె కూతురు కాలేజీలో చదువుతోందని, ఎవరో విడిచిన డ్రెస్సు వేసుకోవడానికి సిగ్గుపడుతుందని ఎవరూ ఆలోచించరు.

అదే చేత్తో, విడిచిన బట్ట మైల అని చెప్పింది కూడా మన సమాజమే. ఊరి మైల బట్టలన్నీ ఉతికి తెల్లగా చేసిన రజకులనే ఊరు తక్కువ చూపు చూసింది. దొర మీద తిరగబడి తన పంటను కాపాడుకున్న చాకలి ఐలమ్మ పాలకుర్తి ఇక్కడికి ఎంతో దూరం కాదు. ఏ గుడ్డ ఏ వేడికి ఓరుస్తుందో, ఏ రంగు దిగుతుందో, ఏ మరక దేనికి పోతుందో, సౌడు మట్టితో ఎట్లా ఉతకాలో, ఆవిరి ఉబ్బ ఎట్లా పెట్టాలో వాళ్ళకు తెలిసినంత ఎవరికీ తెలియదు. మా కూటమిలో బట్ట శుద్ధి చేసే పని నేర్పడానికి వాళ్ళనే గురువులుగా పిలుస్తాం. ఉతికే పని మాత్రం వంతులవారీగా అందరిదీ.

బట్టలు రాగానే అన్నీ ఒకే చోట, ఒకే వేడినీళ్ళలో ఉతికి, ఎండలో ఆరేసి, ఒకే కుప్పగా కలిపేస్తాం. ఏ ముక్క ఏ ఇంటిదో, ఏ వాడదో, ఏ కులందో ఎవరికీ తెలియకూడదు. అప్పుడు కుట్టిన బొంతలో అందరి చీరలూ పక్కపక్కనే ఉంటాయి. ఈ నియమం నచ్చనివాళ్ళకు మా కూటమిలో చోటు లేదు.

ఒక్క మినహాయింపు. పోయినవాళ్ళ బట్టలు ఏం చేయాలో తెలియక ఏళ్ళ తరబడి పెట్టెలో దాచుకునేవాళ్ళు చాలామంది. అమ్మ చీరలతో, నాయన పంచెలతో బొంత కుట్టుకోవాలనుకుంటే ఆ బట్టలను వేరుగా ఉంచుతాం. అవి కుప్పలో కలవవు. మీరు కుట్టుకుంటుంటే పక్కన కూర్చుంటాం.

చేసే పని, చేయని పని

మొదటి పని బట్టను గుర్తుపట్టడం. నూలుదేదో, పాలిస్టర్ ఏదో తెలియకపోతే ఆ తర్వాత చేసేదంతా తప్పే. పోగు ఒకటి లాగి నిప్పుకు చూపితే నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. నూలు గుడ్డలు బొంతలకు, పొత్తిగుడ్డలకు, ఒత్తులకు, మసిగుడ్డలకు, నెలసరి గుడ్డలకు. పాలిస్టర్‌తో మసిగుడ్డ ఎన్నడూ చేయకూడదు, వేడి గిన్నె పట్టుకుంటే కరిగి చేతికి అంటుకుంటుంది. అది నీళ్ళు పీల్చదు కాబట్టి నెలసరికీ పనికిరాదు. పాలిస్టర్ చీరకు బలం ఎక్కువ, తొందరగా తెగదు. అది కూరగాయల సంచులకు, జడలా అల్లి చుట్టి కుట్టే కాళ్ళపట్టాలకు, తాళ్ళకు బాగుంటుంది. జీన్సు గుడ్డ బడిసంచులకు, పనిముట్ల సంచులకు.

కొత్తవాడ సంగతి ఇప్పుడు. రెండు వేళ్ళ వెడల్పున చింపిన పాత చీర పీలికను పేకగా పెట్టి, గట్టి నూలు పడుగు మీద నేస్తే జంపఖానా వస్తుంది. దేశంలో కొన్నిచోట్ల పీలికల జంపఖానాలు (దరీలు) నేస్తూనే ఉన్నారు. కొత్తవాడ మగ్గం, కొత్తవాడ చేయి, మన చీరలు కలిస్తే ఈ ఊరి ముద్ర ఉన్న వస్తువు పుడుతుంది. పీలికలు చింపి, ఉండలు చుట్టి ఇవ్వడం కూటమి పని. రంగుల వరస, నేత మగ్గం మనిషి ఇష్టం. నేత కూలి ఎంతో నేసేవాళ్ళే చెప్పాలి, మేం దాని మీద బేరమాడం. దరీల పేరు, బొమ్మ, పని అన్నీ వాళ్ళవే. ఒక్క మగ్గంతో మొదలుపెడతాం.

గోడకు తగిలించి దుమ్ము పట్టించే అలంకారాలు మేం చేయం. పాత బట్టతో చేశాం అని చెప్పుకోవడానికి కొత్త బట్ట కొని కత్తిరించే పని అసలే చేయం. ఆ పేరు మీద ఇప్పుడు చాలా చోట్ల మోసం నడుస్తోంది. చేసిన వస్తువు ఎవరికో రోజూ పనికిరావాలి: కప్పుకోవాలి, పరచుకోవాలి, మోయాలి, తుడవాలి, పిల్లలు ఆడుకోవాలి. గుడ్డబొమ్మ ఆటవస్తువే, దాన్ని వద్దనం. బొత్తాలతో కళ్ళు పెట్టొద్దు, పసిపిల్లలు ఊడబీకి మింగుతారు. దారంతోనే కుట్టాలి.

ధర గురించి. చేతిపనిని చవకగా అడగడం మనకు అలవాటు. "పాత గుడ్డలతోనే కదా చేశారు" అనే మాట మాకు రోజూ వినపడుతుందని తెలుసు. గుడ్డ పాతదే, దాని మీద పెట్టిన రోజులు పాతవి కావు. ప్రతి వస్తువు మీద ఎన్ని గంటల పని పట్టిందో రాస్తాం. ఆ గంటలకు ఊళ్ళో నడిచే కూలి రేటు కంటే తక్కువకు అమ్మం. కొనేవాళ్ళు లేకపోతే మేమే వాడుకుంటాం. వచ్చిన డబ్బు కుట్టినవాళ్ళదే. దారానికి, సూదులకు, చోటుకు అయ్యే ఖర్చుకు చిన్న వంతు తీస్తాం, ఆ లెక్క నెలనెలా గోడ మీద అంటిస్తాం.

మగవాళ్ళకు చోటుందా అని కొందరు అడిగారు. ఉంది. ఈ ఊళ్ళో మిషను కుట్టే దర్జీల్లో చాలామంది మగవాళ్ళే, మగ్గం మీద కూర్చునేవాళ్ళలోనూ వాళ్ళున్నారు. వాళ్ళ దుకాణాల్లో రోజూ మిగిలే కత్తిరింపు ముక్కలు మాకు కావాలి, వాళ్ళ చేయీ కావాలి.

స్టీలు గిన్నెల అక్కలను మేం పోటీగా చూడం. తరాలుగా ఈ ఊరి పాత బట్టను చెత్తలో పడకుండా ఆపింది వాళ్ళే. ఏ చీరకు ఎంత ఆయువు మిగిలిందో చేత్తో పట్టుకుని చెప్పగలిగేది వాళ్ళే. పట్టుచీరల జరీ ఏ కొలిమికి పోతుందో, మంచి చీరలు ఏ సంతకు పోతాయో వాళ్ళకే తెలుసు. వాళ్ళు గంప నింపుకున్నాక మిగిలిన చింకి, పీలిక మాకు చాలు. వాళ్ళు కూటమిలో చేరితే ఏరడం నేర్పే పెద్దలు అవుతారు.

మన వేడుకల్లో మార్చుకోవాల్సినవి

ఒక మాట గట్టిగా చెప్పుకుందాం. ఒక బొంతలో అయిదారు చీరలు పడతాయి. చాలా ఇళ్ళలో ఏడాదికి కొనే చీరలు, వచ్చిపడే చీరలు అంతకంటే ఎక్కువ. కొనడం తగ్గకుండా కుట్టడం ఎంత పెంచినా గుట్ట తరగదు. అందుకే కూటమిలో చేరేవాళ్ళు ముందు తమ ఇంట్లో మాట ఇచ్చుకోవాలి: చిరిగితే మాసిక వేసుకుంటాం, బొత్తం ఊడితే కుట్టుకుంటాం, మాసిక కనబడితే సిగ్గుపడం.

తర్వాత బ్లౌజు పీసులు. బొట్టు పెట్టి, తాంబూలంలో పెట్టి ఇచ్చే ఆ ముక్కను తీసుకున్న ఆమె కుట్టించుకోదు, ఇంకో పేరంటంలో ఇంకొకరికి ఇస్తుంది. అది అట్లా ఇల్లిల్లూ తిరిగి, ఎక్కడో ఒక బీరువాలో ఆగుతుంది. ఇచ్చే మర్యాద ఉండాలి. ఆ మర్యాదకు చేత్తో కుట్టిన ఒక చిన్న సంచి చాలు. పీసుల బదులు సంచులు పెట్టే మొదటి పది పేరంటాలకు సంచులు మేం కుట్టిస్తాం, మీ బీరువాలో ఆగిపోయిన పీసులతోనే.

సన్మాన శాలువాలు ఇంకొక గుట్ట. కవుల ఇళ్ళలో, నాయకుల ఇళ్ళలో, రిటైరైన టీచర్ల ఇళ్ళలో కట్టలు కట్టలుగా ఉంటాయి. ఎన్నికల కండువాలు ఒక్క ఊరేగింపుతో పని తీరి రోడ్డు మీద పడతాయి. సభలు పెట్టేవాళ్ళకు మా మనవి: శాలువా కప్పాలనుకుంటే కొత్తవాడ జంపఖానా ఒకటి ఇవ్వండి. పార్టీలవాళ్ళు కండువాలు మాకు పంపండి, ఏ రంగైనా తీసుకుంటాం. కుప్పలో అన్ని రంగులూ కలుస్తాయి.

ప్రభుత్వాన్ని అడిగేవి

ఎక్కువ అడగం. తడిచెత్తతో తడిసిన బట్ట దేనికీ పనికిరాదు. కాబట్టి బట్టల కోసం వారానికొకసారి వేరే బండి, లేదా వార్డుకొక పొడి పెట్టె కావాలి. యూరోపియన్ యూనియన్ దేశాలు 2025 జనవరి నుంచి బట్టల వ్యర్థాన్ని వేరుగా సేకరించాలని చట్టంగా పెట్టుకున్నాయి. మన నగరపాలక సంస్థకు ఇది అసాధ్యం కాదు. వార్డుల్లో ఖాళీగా ఉండే కమ్యూనిటీ హాళ్ళను వారానికి రెండు రోజులు కూటములకు వదలాలి. బడి యూనిఫారాలు, వసతిగృహాల దుప్పట్లు కొనేటప్పుడు పాతవాటిని ఏం చేస్తారో టెండరులోనే రాయాలి. ఇకముందు పంచే చీర ఏదైనా సరే, అందులో నూలు పాలు పెంచాలి, నేసే పని సిరిసిల్లకే ఉండాలి.

ఇవి ఇచ్చేదాకా ఆగుతామని కాదు. చెట్టు కింద చాప వేసుకుని కూడా మొదలుపెట్టొచ్చు.

రండి

అక్కలారా, అన్నలారా, మీ వాడలో పదిమంది కుదిరిన రోజే మీ కూటమి మొదలైనట్టు. మా అనుమతి అక్కర్లేదు, రుసుం లేదు. ఈ ప్రణాళికను చదివి, మీ వాడకు సరిపోనిదేదైనా ఉంటే మార్చుకోండి. మూడింటిని మాత్రం మార్చొద్దు: బట్టలన్నీ ఒకే కుప్పలో కలవాలి, కుట్టినవాళ్ళకే డబ్బు దక్కాలి, తెచ్చినవాళ్ళు పనిచేయాలి.

మొదటి కూడికకు వచ్చేటప్పుడు ఉతికి ఆరేసిన పాత చీర ఒకటి, కత్తెర, పెద్ద సూది తెచ్చుకోండి. దారం మేం తెస్తాం. చిన్నపిల్లలను ఇంట్లో వదిలి రావొద్దు, సూదికి దారం ఎక్కించడం వాళ్ళ పనే. మీ ఇంట్లో బొంత కుట్టడం తెలిసిన అవ్వ ఉంటే ఆమెను వెంటబెట్టుకుని రండి. ఆమె నడవలేకపోతే కబురు చేయండి, చాపలూ గుడ్డలూ తీసుకుని మేమే మీ వాకిట్లోకి వస్తాం.